పరీక్షలకు మన్యము, ఉద్యోగములకు పట్టణమా?

వార్తాపత్రికలలో ఉద్యోగ ప్రకటనల పుట యొకటి యుండును. మన చదువరులలో పలువురు దానిని తమ బిడ్డల కొరకు చూతురు. రెవెన్యూ, బ్యాంకు, ఉపాధ్యాయ పదవుల వరుసలు చదివి తక్కినవానిని విడిచిపుచ్చుదురు. అట్లు విడువబడు వానిలో కొన్ని సంవత్సరములుగా ఒక క్రొత్త తరగతి కానవచ్చుచున్నది. జీవవైద్య పరిశోధనశాలకు ప్రాజెక్టు అసోసియేట్లు కావలెననియు, కణములను పెంచుటయందు అనుభవము గలవారు దరఖాస్తు చేసికొనవలెననియు, జన్యువులను కణములలోనికి చేర్చు వాహకముల తయారీకి నిపుణులు కావలెననియు ఆ ప్రకటనలు చెప్పుచుండును. ఇవి హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో సంబంధించినవి; ఖమ్మము రైతునకు గాని, భద్రాచలపు అడవికి గాని వీనితో నేమి పని యని తలంచువారు పెక్కుమంది కలరు. ఆ తలంపు సరికాదనియు, ఈ ఉద్యోగములతో నిజమైన సంబంధము గలవారు గోదావరికి ఆవలి గట్టున అడవి యంచున నివసించువారే యనియు, వారికి వీనిలో నేడు తగిన చోటు లేకుండుట న్యాయమునకును శాస్త్రమునకును గూడ లోపమే యనియు చూపుట మా యుద్దేశము.

నెత్తుటిలోని వ్యాధి

ఖమ్మము పట్టణమునుండి ఈశాన్యముగ పోయినకొలది పొలములు తగ్గి అడవి హెచ్చును. కొత్తగూడెపు బొగ్గుగనులను, పాల్వంచ కర్మాగారములను దాటి గోదావరి వంతెన యెక్కినచో భద్రాచలము వచ్చును. అచ్చటినుండి దుమ్ముగూడెము, చర్ల మీదుగ ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకును, మరియొక దెసను కూనవరము, చింతూరు వరకును కోయలు, కొండరెడ్లు నివసించు పల్లెలు కలవు. ఈ సీమపై పాలకులు గీచిన గీతలు మాటిమాటికి మారుచు వచ్చినవి. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనుండి పిదప ఖమ్మములో చేరెను. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా యాయెను. గీతలు మారినను మనుష్యుల నెత్తురు మారలేదు. ఆ నెత్తుటిలో తరతరములుగ వచ్చుచున్న వ్యాధి యొకటి కలదు. దానిని సికిల్ సెల్ వ్యాధి యందురు. తెలుగున కొడవలి కణ వ్యాధి యనవచ్చును.

ఆరోగ్యవంతుని ఎఱ్ఱ రక్తకణము గుండ్రముగ, మెత్తగ నుండి ఎంత సన్నని నాళములోనికైన దూరిపోవును. సుమారు 120 దినములు బ్రతుకును. ఈ వ్యాధి గలవాని కణము ప్రాణవాయువు తగ్గినప్పుడు గట్టిపడి కొడవలివలె వంగును. నాళములలో చిక్కుకొని దారికి అడ్డుపడును. పది యిరువది దినములకే నశించును. దానివలన బిడ్డకు నెత్తురు చాలదు. ఎముకలలో భరింపరాని నొప్పి పుట్టును. ప్లీహము చెడును, అంటురోగములు సులువుగ సోకును, కొందరికి చిన్నతనముననే పక్షవాతము వచ్చును. పొలము పనికి పోయినవాడు ఎండదెబ్బకో, నీరు చాలకనో కూలబడినప్పుడు సోమరి యని తిట్టుదురు గాని, లోపల నేమి జరుగుచున్నదో ఎవరికిని తెలియదు.

ఈ వ్యాధి వైద్యులకు తెలియవచ్చి నూరేండ్లు దాటినది. చికాగోలో జేమ్స్ హెరిక్ అను వైద్యుడు 1910లో కొడవలి యాకారపు కణములను వర్ణించెను. ఇది నెత్తుటిలోని హీమోగ్లోబిను అణువు యొక్క దోషమని 1949లో లైనస్ పౌలింగు నిరూపించెను. కొలది యేండ్లకే వెర్నన్ ఇన్‌గ్రాం ఆ దోషము హీమోగ్లోబిను గొలుసులో ఒక్క పూసకు మారుగ మరియొక పూస చేరుటయే యని తేల్చెను. నూటనలువదియాఱు పూసల గొలుసులో ఆఱవ పూస యొక్కటి మారినది, అంతియే. మనుష్యుని జన్యు గ్రంథమున సుమారు 300 కోట్ల యక్షరములుండగా, అం దొక్క యక్షరము తప్పుటచేత ఇంత బాధ. మన దేశమున ఈ లక్షణము తొలుత నీలగిరి కొండల గిరిజనులలో 1952లో బయటపడెను. తరువాత మధ్యభారతపు అడవులనుండి గోదావరి మన్యము వరకు కానవచ్చెను.

ఇది అడవులలోనే యేల హెచ్చుగ నున్నది? దీనికి కారణము మన్యపు జ్వరము. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రము ఈ జన్యువు వచ్చినవాడు రోగి కాడు. పైపెచ్చు ప్రాణాంతకమైన మలేరియానుండి వానికి కొంత రక్షణ కలుగును. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో ఈ సంగతిని వెల్లడించెను. దోమలు కాపురముండు అడవిలో వేల యేండ్లు బ్రతికిన జాతులకు ఈ జన్యువు ఒక కవచముగ నిలిచినది. కాని కవచము గల యిద్దరు దంపతులైనచో, కలుగు ప్రతి బిడ్డకును నాలుగింట నొక పాలు ఈ వ్యాధి వచ్చు నవకాశముండును. ఇది శాపము కాదు, దయ్యము కాదు, కులదోషము కాదు. అడవిలో బ్రతికి బట్టకట్టినందుకు ఆ జాతులు చెల్లించుచున్న వెల యిది.

ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలింపవలెనను సంకల్పముతో కేంద్ర ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశమునందలి షాడోలులో జాతీయ కార్యక్రమము నారంభించెను. 17 రాష్ట్రములలో నలువది యేండ్ల లోపువారిని 7 కోట్ల మందిని పరీక్షింపవలె నని తలపెట్టిరి. అందు తెలంగాణమును, ఆంధ్రప్రదేశమును కూడ నున్నవి.

జన్యువును చేర్చు విద్య

పరీక్షించుట సరి, కుదుర్చుట యెట్లు? ఇచ్చటనే పైని చెప్పిన ఉద్యోగ ప్రకటనలకును మన్యమునకును ముడి పడుచున్నది.

విత్తనమెంత మేలైనదైనను పొలమునకు చేర్చు బండి లేనిచో పంట లేదు. జన్యు చికిత్స గతియు నట్టిదే. మేలైన జన్యువును ప్రయోగశాలలో సిద్ధము చేయుట ఒక యెత్తు; దానిని రోగి కణములోనికి, చెడకుండ, తగిన చోటికి చేర్చుట మరియొక యెత్తు. ఈ రెండవదియే కష్టతరము. వైరసు అనునది కణములో దూరుటయందు ఆరితేరిన దొంగ. శాస్త్రజ్ఞులు దాని హానికర గుణములను తీసివేసి, ప్రవేశశక్తిని మాత్రము మిగిల్చి, దానిపై మేలు చేయు జన్యువును మోయించుచున్నారు. ఇందు ప్రసిద్ధమైన ఎ.ఎ.వి. అను వైరసు వ్యాసము సుమారు 25 నానోమీటర్లు. అనగా మిల్లీమీటరును 40,000 పాళ్లు చేసిన నందొక పాలు. ఇంత చిన్న బండి 4,700 జన్యక్షరములకు మించి మోయజాలదు. లెంటివైరసు అనునది అంతకు సుమారు రెట్టింపు మోయును. తాను మోసినదానిని కణము యొక్క జన్యు గ్రంథములోనే కుట్టివేయును. వైరసు లేకుండ, విద్యుత్తు తాకిడిచేత కణపు పొరను క్షణకాలము తెరచి లోనికి పంపు పద్ధతియు కలదు.

కొడవలి కణ వ్యాధికి ఈ విద్య ఫలించినది. రోగి యెముక మూలుగలోని మూలకణములను వెలికి తీసి, జన్యువును కత్తిరించు క్రిస్పర్ అను సాధనముచేత సవరించి, మరల రోగికే యెక్కింతురు. అప్పుడు, పుట్టిన పిదప అణగిపోయిన గర్భస్థ శిశువు నాటి హీమోగ్లోబిను మరల తయారగును. కణములు వంగుట తగ్గును. ఈ సాధనమును 2012లో వెల్లడించిన షార్పెంటియే, డౌడ్నా అను నిరువురు స్త్రీలకు 2020లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానము లభించెను. 2023 నవంబరులో ఇంగ్లాండును, డిసెంబరులో అమెరికాయును ఈ చికిత్సకు అనుమతి నిచ్చెను. అదే దినమున లెంటివైరసుచేత చేయు మరియొక చికిత్సకును అమెరికా అనుమతి నిచ్చెను. వెల యెంత? మొదటిదానికి అమెరికాలో 22 లక్షల డాలర్లు, రెండవదానికి 31 లక్షల డాలర్లు. నాటి మారకమున మొదటిదే సుమారు 18 కోట్ల రూపాయలు. చర్ల మండలపు కోయ పల్లెలోని భూములన్నియు అమ్మినను ఒక బిడ్డకు చాలని వెల యిది.

కాబట్టి మన దేశము తన చికిత్సను తానే చేసికొనవలసియున్నది. ఆ యత్నము మొదలైనది. బొంబాయిలోని ఐ.ఐ.టి.యును టాటా స్మారక ఆసుపత్రియును కలిసి రూపొందించిన కాన్సరు కణచికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించెను. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు నెత్తురు గడ్డకట్టని హీమోఫిలియా రోగులైదుగురికి లెంటివైరసుచేత చికిత్స చేసిన ఫలితములు 2024 డిసెంబరులో ప్రకటితమాయెను. ఢిల్లీలోని జన్యుశాస్త్ర సంస్థ ఐ.జి.ఐ.బి. కొడవలి కణ వ్యాధికి క్రిస్పర్ పద్ధతిని స్వదేశమున రూపొందించి 2025 నవంబరులో దానికి బిర్సా ముండా పేర బిర్సా 101 అని నామకరణము చేసెను. గిరిజన వీరుని పేరు మందునకు పెట్టుట సముచితమే. ఆ మందును తయారుచేయువారి హాజరుపట్టీలో గిరిజనుల పేర్లెన్ని యుండబోవుచున్నవి యనునదియే మా ప్రశ్న.

ఈ ఉద్యోగము లెట్టివి?

ప్రయోగశాల యనగానే తెల్లచొక్కా తొడిగిన పండితుడొక్కడే కన్నులయెదుట నిలుచును. వాస్తవమట్లు కాదు. ఒక జన్యు వాహకము తయారగుటకు పదిరకముల చేతులు కావలెను. సూక్ష్మజీవులలో జన్యుఖండములను పెంచి శుద్ధిచేయువారొకరు. మానవ కణములను గాజుపాత్రలలో, కల్మషము సోకకుండ, రేయింబవళ్లు పోషించువారొకరు. ఆ కణములచేత వైరసు వాహకములను తయారుచేయించి వడపోయువారొకరు. తయారైన సరకులో విషము గాని, క్రిములు గాని లేవని పరీక్షించి సంతకము చేయువారొకరు. సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో ద్రవ నత్రజనిలో కణములను భద్రపరచువారొకరు. ఆసుపత్రిలో రోగి నెత్తుటినుండి మూలకణములను వేరుచేయు నర్సులు, యంత్రములను మరమ్మతు చేయువారు, లెక్కలు వ్రాయువారు, నియమముల దస్త్రములు నడపువారు వేరుగ నుందురు. వీరిలో డాక్టరేటు పట్టము కావలసినవారు కొందరే. ప్రయోగశాలా సాంకేతిక విద్యలో డిప్లొమా, బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. చదివినవారికి ఇందు పని కలదు. జాతీయ పరీక్షయందు గెలిచి జూనియరు పరిశోధకులుగ చేరినవారికి 2023 జనవరినుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలును, పిదప 42,000 రూపాయలును భృతి లభించుచున్నది. ఇంటి అద్దె వేరు.

మన రాజధానియే యిందులకు ఆటపట్టు. హైదరాబాదున 1977లో నెలకొన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రము సి.సి.ఎం.బి., ఉప్పలునందలి డి.ఎన్.ఎ. కేంద్రము, కూనూరున 1918లో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ, కేంద్రీయ విశ్వవిద్యాలయము, శామీరుపేట దెసను టీకామందుల కర్మాగారములు నెలకొన్న జీనోమ్ వ్యాలీ: ఇన్ని సంస్థలొక్క నగరమునందుండుట దేశమున అరుదు. ఎండిన రక్తపు చుక్కనుండి కొడవలి కణ వ్యాధిని కనిపెట్టు చౌకైన పరీక్షకు సి.సి.ఎం.బి.వారే పాటుపడిరి.

మరియొక తరగతి ఉద్యోగములు కలవు. వానిని ప్రకటనలు కడపట చిన్న యక్షరములలో చెప్పును. మా మతమున అవియే మొదట చెప్పదగినవి. పల్లెకు పోయి నెత్తురు తీయువారు. ఫలితమును ఇంటివారికి వారి భాషలో తెలియజెప్పువారు. వివాహమునకు ముందు వధూవరుల యిండ్లవారికి జన్యు విషయము బోధించువారు. చికిత్సకు సమ్మతి యిచ్చుటకు ముందు లాభనష్టములు విడమరచి చెప్పువారు. చికిత్స పిదప రోగిని విడువక కనిపెట్టుచుండువారు. జన్యు గ్రంథములో కుట్టబడు చికిత్స పొందినవానిని 15 సంవత్సరముల వరకు కనిపెట్టుచుండవలెనని అమెరికా నియంత్రణాధికారుల సూచన. వానకాలమున వాగులు పొంగి దారులు తెగు పల్లెలో ఒక బిడ్డను పదునైదేండ్లు కనిపెట్టుట హైదరాబాదునుండి సాధ్యమగునా? ఆ పల్లెలోనో, ప్రక్కపల్లెలోనో పుట్టి, ఆ భాష మాటాడి, ఆ యింటివారి నమ్మకము పొందినవారికే అది సాధ్యము. జన్యువునకు వాహకము కావలసినట్లే, విజ్ఞానమునకును వాహకము కావలెను. ఆ వాహకము మనుష్యుడే.

2009 నాటి పాఠము

ఈ నమ్మకము యొక్క విలువ యెంతయో మన జిల్లా కష్టపడి తెలిసికొన్నది. 2009 జూలైలో గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాను ప్రదర్శన పథకమను పేరున నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో ప్రవేశపెట్టిరి. పాత్ అను అమెరికా స్వచ్ఛంద సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి నడపిన పథకమది. పదినుండి పదునాలుగేండ్ల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేసిరి. అందు పలువురు ఆశ్రమ పాఠశాలలలో, వసతిగృహములలో చదువుకొను గిరిజన బాలికలు. గుజరాతులోని వడోదరలోను ఇట్టి పథకమే నడచెను. రెండు రాష్ట్రములలోను కలిపి ఏడుగురు బాలికలు మరణించిరి. ఆందోళన చెలరేగగా 2010 ఏప్రిలులో పథకము నిలిచిపోయెను. ఆ మరణములకు టీకా కారణము కాదని ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము నిర్ణయించెను.

టీకా చెడ్డదని మేము చెప్పుట లేదు. ఆ టీకా పెక్కు దేశములలో స్త్రీల ప్రాణములు కాపాడుచున్నది. అట్టిదానిని మన దేశముననే తయారుచేసి 2022లో వెలువరించిరి. తప్పు టీకాది కాదు, అడిగిన తీరుది. ఆంధ్రప్రదేశమున పరిశీలించిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 వానిపై వేలిముద్రలును, 2,763 వానిపై వసతిగృహపు వార్డెనుల సంతకములును ఉండినట్లు 2013 ఆగస్టున పార్లమెంటు స్థాయీసంఘము నివేదించి ఆ పథకమును తీవ్రముగ విమర్శించెను. వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితములోని మాటలు తెలిసియుండెనా? కన్నతల్లి అడవిలోనుండగ బిడ్డ శరీరముపై వార్డెను సమ్మతి యిచ్చుట కెవరధికార మిచ్చిరి? ఆ దినములలో ఆ మండలముల ఆసుపత్రులలో, ఆ పథకపు కార్యాలయములో, ఆ నియమములను పరిశీలించు సంఘములో, కోయభాష మాటాడు చదువుకొన్న స్త్రీలు తగినంతమంది పదవులలో నుండినచో, ఆ పత్రములపై వార్డెనుల సంతకములు పడియుండునా? పడకుండుట కెక్కువ యవకాశముండెనని మా యభిప్రాయము.

ఈ సీమ పరిశోధకులకు క్రొత్తది కాదు. భద్రాచలపు కొండలలో కొండరెడ్ల జీవితమును పరిశీలించి హైమెన్‌డార్ఫ్ పండితుడు 1945లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. మనుష్యుల యాచారములు వ్రాసికొనిపోయినవారు, మూలికల పేర్లు వ్రాసికొనిపోయినవారు, నెత్తుటి చుక్కలు సీసాలలో పట్టుకొనిపోయినవారు పలువురు. వారు మేలు చేయలేదని మేమనము. వారికి దారి చూపినవాడు, మూట మోసినవాడు, చేయి చాచి నెత్తురిచ్చినవాడు అడవి మనుష్యుడు. జీతము తిన్నవాడును, పేరు వ్రాసికొన్నవాడును పరాయివాడు. ఈ క్రమము తిరుగబడక తప్పదు.

ఆక్షేపణలు

దీనికి మొదటి ఆక్షేపణ యోగ్యతను గూర్చినది. జన్యుశాస్త్రము సామాన్య విద్య కాదు. ఆశ్రమ పాఠశాలలో చదివినవాడు దానికి నిలువగలడా యందురు. యోగ్యత పుట్టుకతో రాదు, అవకాశముతో వచ్చును. భీమవరమున 1895లో పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు బోస్టను నగరమున చదువుకొనునప్పుడు పొట్టకొరకు రాత్రివేళ ఆసుపత్రిలో నౌకరు పని చేసెను. ఆ చేతులతోనే శరీరమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి కనుగొనెను; బోదకాలు క్రిమిని చంపు మందును, కాన్సరునకు వాడు మెథోట్రెక్సేటును ఆయన నాయకత్వమున వెలువడినవే. ఆసుపత్రి గిన్నెలు కడుగువానిలో శాస్త్రజ్ఞుని చూడగలిగినవారు ఆనాడు ఒకరిద్దరైన నుండబట్టియే అది సాధ్యమాయెను. దుమ్ముగూడెపు బాలికలో శాస్త్రజ్ఞురాలిని చూడగలవారు నేడు మనలో నెందరు?

రెండవ ఆక్షేపణ అంతకంటె బలమైనది. రోగికి ముందు కావలసినది కోట్ల రూపాయల చికిత్స కాదు; హైడ్రాక్సీయూరియా మాత్రలు, సమయమునకు నెత్తురు, అంటురోగములకు టీకాలు, మంచినీరు అని వైద్యులందురు. ఇది నిజము. హైడ్రాక్సీయూరియా చౌకైన మందు. అమెరికాలో ఈ వ్యాధికి దానిని 1998లో అంగీకరించిరి. నేటికిని వేలమంది బాధను తగ్గించుచున్నది. జన్యు చికిత్స మన పల్లెలకు వచ్చుటకు ఇంక చాల కాలము పట్టును. వచ్చినను మొదట కొలదిమందికే. కాని ఈ యాక్షేపణ మా వాదమును బలపరచునే గాని పడగొట్టదు. మాత్రలు దినదినము మ్రింగుచున్నారో లేదో చూడవలసినవారును, రక్తపరీక్ష చేయవలసినవారును, నేటి చిన్న ఉద్యోగములవారే. నేడు పరీక్షాగారమున సాంకేతికులుగ నిలిచినవారే రేపు జన్యు చికిత్సాలయమునకు పునాది యగుదురు. చెరువు త్రవ్వుట వానకు ముందే జరుగవలెను.

మూడవది స్థానికతను గూర్చినది. ఏజెన్సీ పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము 3వ నంబరు ఉత్తరువు నిచ్చెను. నూటికి నూరు కేటాయింపు రాజ్యాంగసమ్మతము కాదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము దానిని కొట్టివేసెను. తీర్పును శిరసావహింపవలసినదే. అయినను, పిల్లవానితో అతని భాషలో మాటాడువాడు కావలెనను అవసరము తీర్పుతో మాయము కాలేదు. నూటికి నూరు వలదన్నచో, పనికి కావలసిన యోగ్యతలలో కోయభాషా జ్ఞానమును, ఆ సీమలో నివాసమును చేర్చుట కేమి యడ్డు? వైద్య సమ్మతిని అడుగు ఉద్యోగికి రోగి భాష రాకపోవుట కంటె గొప్ప అయోగ్యత మరియొకటి కలదా?

చేయవలసిన పనులు

ఫిర్యాదుతో నిలిచిపోవుట మా పద్ధతి కాదు. కావలసినవి కొన్ని సూచించుచున్నాము.

కొత్తగూడెమున 2022లోను, ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. భద్రాచలమున ప్రాంతీయ ఆసుపత్రియు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు నున్నవి. ఈ మూడింటిని కలిపి కొడవలి కణ వ్యాధికి ఒక స్థిరమైన పరీక్షాగారమును, సలహాశాఖను భద్రాచలముననే నెలకొల్పవలెను. నెత్తుటి సీసాలు హైదరాబాదునకు ప్రయాణము చేయుట మాని, విద్య భద్రాచలమునకు ప్రయాణము చేయవలెను. అందలి సాంకేతికులను స్థానిక గిరిజన యువకులలోనుండి యెంచి, శిక్షణకాలమున భృతి యిచ్చి, హైదరాబాదు సంస్థలలో తరిఫీదు చేయింపవలెను.

రెండవది, ఈ పరిశోధనోద్యోగములు పెక్కు తాత్కాలికములు. ప్రాజెక్టు ముగియగానే జీతము ముగియును. పట్టణమున తండ్రి యిల్లు గలవాడు ఆఱునెలలు ఖాళీగ నుండగలడు. అడవినుండి వచ్చినవాడు ఉండలేడు, కూలికి తిరిగిపోవును. అట్టివాడు చేతికి వచ్చిన విద్యను విడుచుట దేశమునకే నష్టము. కాబట్టి ఇట్టి పథకములలో క్షేత్రోద్యోగములనైనను స్థిరపరచవలెను.

మూడవది, గిరిజన విద్యార్థుల పరిశోధనకై కేంద్ర ప్రభుత్వము ఏటా 750 మందికి జాతీయ వేతనముల నిచ్చుచున్నది. అది యున్నదని తెలిసినవారే అడవిలో నరుదు. ప్రకటనలు ఇంగ్లీషున, కంప్యూటరు తెరమీద వెలువడి, పదునైదు దినములలో గడువు ముగియుచున్నవి. గురుకులములందును, ఏకలవ్య పాఠశాలలందును, డిగ్రీ కళాశాలలందును ఈ ప్రకటనలను తెలుగున వ్రాసి గోడకంటించు పని యొక ఉపాధ్యాయునికి అప్పగించినచో ఖర్చేమున్నది?

ఇక మా చదువరులకు ఒక మాట. ఖమ్మము, మధిర, సత్తుపల్లి ప్రాంతముల భూస్వాములు, పట్టణపు వర్తకులు భద్రాద్రి రాముని కల్యాణమునకు ఏటేట కానుకలు పంపుచున్నారు, సత్రములు కట్టించినారు. ఆ ధర్మబుద్ధికి ప్రయోగశాలా విద్య చదువు గిరిజన బాలికకు ఖమ్మమున వసతి కల్పించుట తక్కువ ధర్మమా? సత్రములో ఒక గది, రెండు పూటల భోజనము, డిప్లొమా రుసుము: ఇంతమాత్రము ఒక్కొక్క యింటివారు ఒక్కొక్కరికి భరించినను, పదేండ్లలో ఈ సీమ ఆసుపత్రులకు కావలసిన సాంకేతికులు ఈ సీమలోనే లభింతురు. ఇది దానము మాత్రమే కాదు. కొడవలి కణపు జన్యువు అడవి యంచున ఆగదు; కులమడిగి ప్రవేశింపదు. రేపు మన పట్టణముల ప్రసూతిశాలలలో ఆ పరీక్ష చేయవలసినప్పుడు మనకును వారి చేతులే దిక్కు.

గోదావరిపై వంతెన 1965లో పడెను. అంతకు ముందు వరదకాలమున ఈవలి గట్టువాడు ఆవలి గట్టునకు పడవకొరకు కాచుకొని యుండవలసివచ్చెడిది. ఇనుము, సున్నము, రాయితో కట్టిన వంతెన మనకున్నది. విద్యావంతులైన మనుష్యులతో కట్టవలసిన వంతెన యింకను లేదు. పాల్వంచ పరగణాకు తహసీలుదారుగ నుండిన కంచెర్ల గోపన్న, సర్కారు పైకము భద్రాచలపు గుడికి వెచ్చించినందుకు గోలకొండ చెరసాలలో లెక్క చెప్పవలసివచ్చెనని మనకందరకు తెలియును. ఈ సీమనుండి నెత్తురును, సమ్మతిని, విజ్ఞానమును తీసికొనిపోయినవారు సీమకు చెప్పవలసిన లెక్క యొకటి మిగిలియున్నది. ఆ లెక్కను స్తోత్రములతో గాని, మందులకు పెట్టు పేర్లతో గాని తీర్పజాలరు. ప్రయోగశాల హాజరుపట్టీలో కోయ బిడ్డ పేరు, జీతపు వరుసతో, స్థిరముగ వ్రాయబడిన దినముననే అది తీరును. ఆ దినము త్వరలో వచ్చుటకు ప్రభుత్వములును, శాస్త్ర సంస్థలును, మన పాఠకులును తమ తమ పాలు పనిని ఇప్పుడే మొదలిడుదురుగాక యని కోరుచున్నాము.